ఇసుకరాతి పొరలలో పారగమ్యతా భేదాలు

చమురు భూగర్భంలో చెరువువలె నిలిచి ఉంటుందని చాలామంది భావిస్తారు. 'రిజర్వాయరు' అనే మాటను నాగార్జునసాగరానికి వాడినట్లే చమురు పొరకు కూడా వాడుతుండడం వలన ఈ భ్రమ మరింత బలపడింది. నిజానికి అక్కడ చెరువు లేదు, గుహ లేదు, ఏరు లేదు. ఉన్నది రాయి. చేతికి గరుకుగా తగిలే ఆ రాతిలోని రేణువుల నడుమ, కంటికి ఆనని ఖాళీలలో చమురు, గ్యాసు, ఉప్పునీరు నిండి ఉంటాయి. బావి తవ్వినంత మాత్రాన అవి అన్నీ పైకి రావు. ప్రపంచంలోని చమురు పొరలను మొత్తంగా తీసుకొని చూస్తే, ఉన్న చమురులో సుమారు మూడవవంతు మాత్రమే మనకు దక్కుతున్నది. తక్కినది రాతిలోనే ఉండిపోతున్నది. ఎందుకు ఉండిపోతున్నది అనే ప్రశ్నకు సమాధానాలు అనేకం. వాటిలో ముఖ్యమైన ఒకదానిని ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము. అది పారగమ్యత, అనగా ద్రవాన్ని తన గుండా పోనిచ్చే రాతిగుణం. ఒకే పొరలో, ఒకే బావిలో, జానెడు ఎడంలో కూడా ఈ గుణం పది, నూరు, ఒక్కొక్కచో వెయ్యి రెట్లు మారుతుంది. చిక్కంతా అక్కడనే ఉన్నది.

మొదట రెండు మాటలను విడదీసుకొనవలెను. రాతి ఘనపరిమాణంలో ఖాళీ ఎంత శాతమో చెప్పేది సచ్ఛిద్రత. ఆ ఖాళీల గుండా ద్రవం ఎంత సులభంగా నడవగలదో చెప్పేది పారగమ్యత. ఈ రెంటినీ ఒకటిగా తలచి వ్రాయడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. తడి బంకమట్టిలో సగం దాకా నీరే ఉండవచ్చును. సచ్ఛిద్రతలో అది ఇసుకను మించినదే. అయినను మన పెద్దలు చెరువు కట్టకు బంకమట్టినే వేసి దిమ్మిస కొట్టించారు గాని ఇసుక పోయలేదు. పుస్తకం చదవకుండానే వారికి ఈ భేదం తెలుసు. బంకమట్టిలో ఖాళీలు లెక్కకు మిక్కిలి, కాని ఒక ఖాళీ నుండి మరొక ఖాళీకి పోయే ద్వారం మిక్కిలి ఇరుకు. సన్నని గొట్టంలో ద్రవప్రవాహం గొట్టపు వ్యాసార్ధం యొక్క నాలుగవ ఘాతాన్ని అనుసరించి ఉంటుందని భౌతికశాస్త్రంలో చదువుకొన్నాము. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారవ వంతు అవుతుంది. పారగమ్యత అంత విపరీతంగా మారడానికి మూలం ఈ ఒక్క సూత్రంలోనే ఉన్నదని చెప్పవచ్చును.

ఈ గుణాన్ని మొదట కొలిచినవాడు చమురు శాస్త్రజ్ఞుడు కాడు, మంచినీటి ఇంజనీరు. ఫ్రాన్సు దేశంలోని డిజోన్ నగరానికి నీటి వసతి కల్పించిన హెన్రీ డార్సీ అక్కడి ఆసుపత్రి ఆవరణలో నిలువు గొట్టంలో ఇసుక నింపి, దాని గుండా నీటిని పంపి, ఎంత పీడనానికి ఎంత నీరు దిగుతున్నదో కొలిచాడు. ఆ ఫలితాలను 1856లో ఆ నగరపు నీటి వసతులను గూర్చిన గ్రంథంలో అనుబంధంగా ప్రకటించాడు. ప్రవాహం పీడనభేదానికి అనులోమంగాను, ఇసుక నిడివికి విలోమంగాను ఉంటుందని ఆయన కనుగొన్న సంగతి. తరువాతి వారు దానికి ద్రవపు స్నిగ్ధతను కూడా చేర్చి, రాతికి సంబంధించిన స్థిరాంకాన్ని వేరు చేసి, దానిని కొలిచే ప్రమాణానికి 'డార్సీ' అని ఆయన పేరే పెట్టారు. ఒక సెంటీపాయిజ్ స్నిగ్ధత గల ద్రవం, సెంటీమీటరుకు ఒక వాతావరణ పీడనభేదం క్రింద, ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోత గుండా సెకనుకు ఒక ఘన సెంటీమీటరు చొప్పున పోయినట్లయితే ఆ రాతి పారగమ్యత ఒక డార్సీ. ఇది పెద్ద ప్రమాణం కనుక దానిలో వెయ్యవ వంతైన మిల్లీడార్సీని వాడుతారు. ఏటి ఇసుక పదుల డార్సీలలో ఉంటుంది. మంచి చమురు పొర నూరు మిల్లీడార్సీలు మొదలుకొని కొన్ని డార్సీల వరకు ఉంటుంది. ఒక మిల్లీడార్సీ గల రాతిలో చమురు కదలడం కష్టం. గ్యాసు మాత్రం మెల్లగా కదులుతుంది. షేలు రాతిలోనైతే మిల్లీడార్సీలో పదిలక్షలవ వంతుతో లెక్కపెట్టవలసి వస్తుంది. ఇన్ని అంతరాలలో విస్తరించిన రాతిగుణాలు మరి కొన్ని మాత్రమే ఉండవచ్చును.

ఇసుకరాతిలో పారగమ్యతను నిర్ణయించే వాటిలో మొదటిది రేణువు పరిమాణం. సమానమైన గోళీలను ఒక పెట్టెలో ఒకదానిపై ఒకటి నిటారుగా పేర్చితే ఖాళీ 47.6 శాతం ఉంటుంది. గుంటలలో కూర్చునేటట్లు బిగించి పేర్చితే సుమారు 26 శాతం ఉంటుంది. గోళీ పెద్దదైనా చిన్నదైనా ఈ శాతాలు మారవు. కాని వాటి మధ్య సందులు గోళీ పరిమాణంతో పాటు చిన్నవవుతాయి. కనుక రేణువు వ్యాసపు వర్గాన్ని అనుసరించి పారగమ్యత మారుతుంది. అర మిల్లీమీటరు ఇసుకకూ, మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు ఇసుకకూ వ్యాసంలో నాలుగు రెట్లు తేడా. పారగమ్యతలో పదహారు రెట్లు. రెండవది రేణువుల సమానత. పెద్ద రేణువుల సందులలో చిన్నవి దూరి కూర్చుంటే ఖాళీ తగ్గుతుంది, ద్వారం మరింత తగ్గుతుంది. కంకర రాళ్ళలో ఇసుక, ఇసుకలో సిమెంటు చేరి కాంక్రీటు గట్టిపడే తీరు చూసినవారికి ఇది వేరుగా చెప్పనవసరం లేదు. క్రంబీన్, మాంక్ అనే ఇద్దరు 1942లో కృత్రిమంగా కలిపిన ఇసుకలపై పరిశోధించి ఈ రెంటికీ ఒక సూత్రం కట్టారు. వారి లెక్క ప్రకారం, భూగర్భ శాస్త్రజ్ఞులు వాడే ఫై కొలబద్దలో రేణువుల వ్యత్యాసం సున్న నుండి ఒకటికి పెరిగితే పారగమ్యత నాలుగవ వంతుకు కొంచెం పైన నిలుస్తుంది. బియర్డ్, వైల్ అనువారు 1973లో ప్రకటించిన కొలతలలో మిక్కిలి సమానమైన రేణువులు గల తడి ఇసుక సచ్ఛిద్రత 42 శాతంగాను, మిక్కిలి అసమానమైన దానిది 28 శాతంగాను తేలింది.

ఇంతవరకు చెప్పినది గొట్టంలో పోసిన ఇసుకను గూర్చి. ప్రకృతి ఇసుకను గొట్టంలో పోయదు. నది, అల, గాలి దానిని పరుస్తాయి. పరచిన చేయి ఎవరిదో దానిని బట్టి పారగమ్యత అల్లిక ఉంటుంది.

వేసవిలో గోదావరి వంపు తిరిగిన చోట ఇసుక తిన్నెను నిలువుగా కోసిన గోడ కనిపిస్తే దాని ముందు కొంచెంసేపు నిలబడి చూడవలెను. అడుగున గులకరాళ్ళు, ముతక ఇసుక. దానిపైన ఏటవాలు చారలు గల నడిమి ఇసుక. ఇంకా పైన సన్నని ఇసుక. చిట్టచివర వరద తీసిన నాడు దిగిన ఒండ్రు. నది వంపు లోపలి గట్టున ఇసుక చేరే పద్ధతి ఇదే. అడుగు భాగంలో నీటి వేగం ఎక్కువ, పైకి పోయినకొద్దీ తక్కువ. ఇటువంటి తిన్నె కాలక్రమాన పూడి రాయి అయితే, దాని పారగమ్యత అడుగున అధికంగాను, పైన అల్పంగాను ఉంటుంది. సముద్రతీరంలో ముందుకు జరిగే ఇసుక మేట దీనికి తారుమారు. లోతు నీటిలో మొదట బురద, దానిపైన సన్నని ఇసుక, అలలు బలంగా తాకే మీది భాగంలో కడిగి జల్లించినట్టి ముతక ఇసుక చేరుతాయి. అక్కడ పారగమ్యత పైకి పోయినకొద్దీ పెరుగుతుంది. ఈ రెండు వరుసల భేదాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాము. దీని అవసరం ముందు రానున్నది.

అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రయర్ 1973లో ప్రకటించిన పరిశోధనలో, ఇంకను రాయి కాని ఇటీవలి ఇసుకల నుండి సుమారు వెయ్యి నమూనాలు తీసి కొలిచాడు. నదీ తిన్నెల సగటు 93 డార్సీలు, సముద్రతీరాలది 68, ఇసుక దిబ్బలది 54. సగటు చూస్తే నదికే మొదటి స్థానం. కాని నది ఇసుకలో కొన్ని నమూనాలు కొన్ని మిల్లీడార్సీలకే ఆగిపోగా మరి కొన్ని వందల డార్సీలకు పోయినవి. తీరపు ఇసుక, దిబ్బల ఇసుక అంతగా చెదరలేదు. నది ధారాళమైనదే, కాని నిలకడ లేనిది అని మేము దీనిని అర్థం చేసుకొన్నాము.

ఒక్క తిన్నెలోనే చారకూ చారకూ తేడా ఉంటుంది. ఏటవాలు చారలలో ఒకటి ముతక, ఒకటి సన్నము. గాలి పేర్చిన దిబ్బలో, జారుడు వైపున దొర్లిపడిన ఇసుక వదులుగా కూర్చుంటుంది. చిరు అలలుగా గాలి దిద్దిన ఇసుక బిగువుగా కూర్చుంటుంది. వీటి మధ్య పదిరెట్ల వ్యత్యాసం కూడా కనిపిస్తుంది. ఇక అభ్రకపు రేకులు, బురద పొరలు పరుపులపై పరుండిన పలకలవంటివి. వాటి వెంబడి ద్రవం సుఖంగా పోతుంది. వాటికి అడ్డంగా పోవలెనంటే ప్రతి రేకును చుట్టి పోవాలి. కనుకనే ఒక రాతికి ఒకే పారగమ్యత ఉన్నదనడం సరికాదు. పరుపు వెంబడి ఒకటి, నిలువునా వేరొకటి. పరుపు మొత్తానికి చూస్తే నిలువు పారగమ్యత అడ్డదానిలో పదవ వంతో, నూరవ వంతో ఉండడం సామాన్యం.

పుట్టుక వలన వచ్చిన గుణాలు ఇవి. పూడిపోయిన తరువాత వచ్చేవి వేరు. పైబరువు రేణువులను ఒత్తుతుంది. ఖాళీలలో తిరిగే నీరు సిలికాను, సున్నపు పదార్థాన్ని తెచ్చి రేణువుల మీద పేరుస్తుంది. దీనికి పరిశుభ్రమైన ఉదాహరణ పారిస్ నగరానికి దక్షిణాన ఉన్న ఫాంటేన్‌బ్లో ఇసుకరాయి. దానిలో మట్టి లేదు; రేణువులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉన్న స్ఫటికశిల, అనగా క్వార్ట్జు. ఒక చోటికీ మరొక చోటికీ మారినది సంధించే స్ఫటికం మోతాదు మాత్రమే. అందువలన దాని సచ్ఛిద్రత కొన్నిచోట్ల 28 శాతం దాకా, కొన్నిచోట్ల 3 శాతమే. బూర్బీ, జిన్స్‌నర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1985లో దీనిని కొలిచి చెప్పినది ఇది: సచ్ఛిద్రత 9 శాతానికి పైన ఉన్నంతవరకు పారగమ్యత దాని మూడవ ఘాతంగా తగ్గుతుంది, అంతకు దిగువన ఏడవ ఘాతాన్ని మించిన వేగంతో కూలిపోతుంది. సచ్ఛిద్రత 25 నుండి 5 శాతానికి, అనగా అయిదింట ఒక వంతుకు తగ్గితే, పారగమ్యత సుమారు వెయ్యి రెట్లకు పైగా పడిపోతుందన్నమాట. ద్వారాలు ఒక్కొక్కటిగా పూర్తిగా మూసుకుపోవడమే దీనికి కారణం. గదులు మిగిలే ఉంటాయి, తలుపులు ఉండవు.

బంక ఖనిజాల సంగతి మరింత విచిత్రం. అవి ఎంత ఉన్నవి అన్నదాని కంటె ఏ రూపంలో ఉన్నవి అన్నది ముఖ్యం. కేయొలినైట్ కట్టలుగా ఒక మూల కూర్చుంటుంది. ప్రవాహవేగం హెచ్చితే విడివడి కొట్టుకొనిపోయి ఇరుకు ద్వారాలకు అడ్డుపడుతుంది. స్మెక్టైట్ మంచినీరు తగిలితే ఉబ్బుతుంది. క్లోరైట్ రేణువుకు తొడుగువలె పట్టి, ఒక్కొక్కచో స్ఫటికం పెరగకుండా కాపాడి మేలే చేస్తుంది. ఇల్లైట్ మాత్రం సాలెగూటి దారాలవలె ఖాళీకి అడ్డంగా అల్లుకొంటుంది. బరువులో ఆ దారాలు అత్యల్పం. సచ్ఛిద్రతను అవి ఇంచుమించు తగ్గించవు. పారగమ్యతను మాత్రం చాలా తగ్గిస్తాయి. ఉత్తర సముద్రపు ఇసుకరాళ్ళను పరీక్షించినవారికి 1980ల ఆరంభంలో ఈ దారాల వలన ఒక పాఠం కలిగింది. ప్రయోగశాలలో రాతిని ఆరబెట్టి కొలవడం వాడుక. ఆరేటప్పుడు నీటి తలతన్యత ఈ దారాలను గుంజి రేణువు గోడకు అతికించివేస్తుంది. తడి వెంట్రుకలు తలకు అంటుకొన్నట్లే. దారి తెరచుకొని, కొలత అసలుకంటె పదిరెట్ల దాకా ఎక్కువ చూపినది. దారాలు చెదరకుండా ప్రత్యేక పద్ధతిలో ఆరబెట్టి చూచిన తరువాత గాని ఈ మోసం బయటపడలేదు. కొలత తప్పు కాదు. కొలిచిన రాయి భూమిలోని రాయి కాదు. అంకె ఎంత ఖండితంగా ఉన్నా అది దేనిని గూర్చిన అంకె అని అడగడం మానరాదని మా అభిప్రాయం.

ఇన్ని భేదాలు గల పొరకు ఒక్క సగటు చెప్పుమంటే ఏమి చెప్పవలెను? ఒక చిన్న లెక్క వేద్దాము. ఒక్కొక్క మీటరు మందం గల మూడు పరుపులు ఉన్నవనుకొందాము. వాటి పారగమ్యతలు 1000, 100, 1 మిల్లీడార్సీలు. ద్రవం పరుపుల వెంబడి పోయినట్లయితే మూడింటినీ కూడి మూడుతో భాగించవచ్చును, సగటు 367. ద్రవం పరుపులకు అడ్డంగా, ఒకదాని తరువాత ఒకదానిని దాటి పోవలసి ఉంటే హరాత్మక మధ్యమం వాడాలి. అది 3 మాత్రమే. మూడు గుణాలు వరుస లేక చిందరవందరగా కలిసి ఉంటే గుణమధ్యమం సరియైన దానికి దగ్గరగా ఉంటుందని వారెన్, ప్రైస్ అనువారు 1961లో చూపారు, అది 46. అవే మూడు అంకెలు, అదే రాయి. సమాధానం 3 అయినా, 46 అయినా, 367 అయినా కావచ్చును.

ఇంతకంటె గట్టి సంగతి మరొకటి ఉన్నది. చమురును నెట్టడానికి ఒక బావి నుండి నీటిని పంపి, నూరు మీటర్ల దూరాన మరొక బావి నుండి చమురు తీస్తున్నామనుకొందాము. మూడు పరుపుల సచ్ఛిద్రత సమానమని, వాటి మధ్య రాకపోకలు లేవని భావిద్దాము. వచ్చే ద్రవంలో నూటికి తొంభై పాళ్ళకు పైగా మొదటి పరుపు నుండే వస్తుంది. అందులో నీరు నూరు మీటర్లు నడిచి రెండవ బావి చేరేసరికి, రెండవ పరుపులో పది మీటర్లు మాత్రమే నడిచి ఉంటుంది. మూడవ దానిలో పది సెంటీమీటర్లు. ఆ తరువాత పంపిన నీరంతా మొదటి పరుపులో తేలిక దారిన పోయి తిరిగి పైకి వస్తూ ఉంటుంది. బావి నీళ్ళు కక్కుతున్నదని మూసివేస్తే, మిగిలిన రెండు పరుపుల చమురు రాతిలోనే ఉండిపోయినట్లే. డైక్‌స్ట్రా, పార్సన్స్ అనే ఇంజనీర్లు 1950లో ఈ అసమానతను సున్న నుండి ఒకటి వరకు ఒక గుణకంగా చెప్పే పద్ధతిని ఏర్పరచారు. అన్ని పరుపులు సమానమైతే సున్న. అసమానత పెరిగినకొద్దీ ఒకటికి దగ్గర. మంచి పొరలని పేరున్నవి కూడా తరచుగా సగానికి పైననే నిలుస్తాయి.

ఇప్పుడు నిజమైన ఒక పొరను చూద్దాము. బ్రిటన్‌కు ఈశాన్యాన ఉత్తర సముద్రంలో 1971లో బ్రెంట్ చమురు క్షేత్రం కనుగొనబడింది. అక్కడి ఉత్పత్తి 1976లో మొదలై 2021లో ముగిసింది. ఆ పేరు ఒక బాతుజాతి పక్షిది. దానిలోని మధ్య జురాసిక్ యుగపు ఇసుకరాళ్ళు ఒక పురాతన డెల్టా మిగిల్చినవి. వాటిని క్రింది నుండి పైకి బ్రూమ్, రానోక్, ఎటివ్, నెస్, టార్బర్ట్ అని అయిదు భాగాలు చేశారు. ఇంగ్లీషు లిపిలో ఈ అయిదింటి మొదటి అక్షరాలు కూర్చితే మరల బ్రెంట్ అనే మాటే వస్తుంది. అయిదును స్కాట్లండు సరస్సుల పేర్లే కావడం మరొక వేడుక. చెరువు లేని చోట చెరువు పేర్లు!

వీటిలో రానోక్, ఎటివ్‌ల జంట మన పాఠానికి సరిపోయినది. రానోక్ తీరానికి ముందున్న నీటిలో తుఫాను అలలు పరచిన సన్నని ఇసుక, అభ్రకం విస్తారం, పారగమ్యత పదులు మొదలు కొన్ని వందల మిల్లీడార్సీలు. అక్కడక్కడ సున్నపు పదార్థంతో గట్టిపడిన గడ్డలు కూడా ఉన్నవి. దానిపైన ఎటివ్, తీరపు ముతక ఇసుక, డార్సీలలో కొలవదగినది. మొత్తంగా పైకి పోయినకొద్దీ పెరిగే వరుస. పుస్తక సిద్ధాంతం ప్రకారం నీటితో నెట్టడానికి ఇది అనుకూలమైన వరుస. నీరు చమురు కంటె బరువు. పై పరుపులో వేగంగా పోయే నీరు దారిపొడుగునా క్రిందికి దిగుతూ దిగువ చమురును కూడా కదిలిస్తుంది. నది తిన్నెలోనైతే వేగమైన పరుపు అడుగుననే ఉన్నది కనుక నీరు అక్కడనే పోయి, పై చమురును తాకనే తాకదు. కాని రానోక్‌లో ఈ మేలు అనుకొన్నంతగా జరగలేదు. ఎటివ్‌లో ప్రవేశించిన నీరు పై దారినే పరుగెత్తింది. రానోక్ చారలలోని అభ్రకం నిలువు పారగమ్యతను అణచివేసింది. సన్నని ఖాళీలలోని కేశనాళిక బలాలు కూడా నీటి దిగుదలను ఆలస్యం చేశాయి. కాబట్టి రానోక్ చమురు కొరకు నీరు పంపే చోటును, బావి గోడకు రంధ్రాలు పొడిచే చోటును వేరుగా యోచించవలసి వచ్చినది. సగటు పారగమ్యతను మాత్రమే చూచినవారికి ఈ పొర ఎంతో చక్కనిదిగా కనిపించి ఉండును.

మన కృష్ణా గోదావరి డెల్టా క్రింద కూడా రెండు విధాల రాళ్ళూ ఉన్నవి. కోనసీమ తీరానికి ఆవల సముద్రంలో 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రపు ఇసుకరాళ్ళు మయోసీన్ యుగానివి. వయసులో చిన్నవి, ఎక్కువగా గట్టిపడనివి, ధారాళమైనవి. మండపేట ప్రాంతంలో లోతున ఉన్న ఇసుకరాయి గోండ్వానా కాలానిది. సింగరేణి బొగ్గు గల ప్రాణహిత గోదావరి లోయ రాళ్ళకు బంధువు. కోట్ల సంవత్సరాల ఒత్తిడి, సంధానపదార్థం, బంక ఖనిజాలు కలిసి దానిని బిగించివేశాయి. అందులో గ్యాసు ఉన్నది, కాని తనంతట తాను చాలినంతగా రాదు. అధిక పీడనంతో ద్రవం పంపి రాతిని పగులగొట్టి దారి చేయవలసి వస్తున్నది.

ఇవన్నీ తెలిసిన తరువాత కూడా ఒక కష్టం తీరదు. ప్రయోగశాలకు వచ్చే రాతి ముక్క బొటనవేలంత. రెండు బావుల మధ్య ఎడం ఒక కిలోమీటరు ఉండవచ్చును. ఆ నడుమ ఏమున్నదో చెప్పడానికి, అదే విధంగా పుట్టి భూమి మీద బయటపడిన రాళ్ళను పరిశీలిస్తారు. బ్రెంట్ పొరల కొరకు ఇంగ్లండులోని యార్క్‌షైరు తీరపు కొండచరియలకు పోతారు. మనకు అంత దూరం అవసరం లేదు. గోదావరి లోయలో కామ్తీ ఇసుకరాయి, రాజమహేంద్రవరం పరిసరాలలో ఆ ఊరి పేరు గల ఇసుకరాయి బయటనే ఉన్నవి. సెలవులలో అటు పోయిన విద్యార్థి ఒక సీసాలో నీరు, ఒక చుక్కల గొట్టం, సెకన్ల ముల్లు గల గడియారం పట్టుకొనిపోవచ్చును. క్రొత్తగా పగిలిన పొడి ముఖంపై ముతక చార మీద ఒక చుక్క, ప్రక్కనే సన్నని చార మీద ఒక చుక్క వేసి, ఏది ఎన్ని సెకన్లలో ఇంకినదో వ్రాసుకొనవలెను. ఎండకు వానకు నానిన పై పెంకు మీద ఈ పరీక్ష చేయరాదు. అక్కడ రాతి అసలు గుణం మారిపోయి ఉంటుంది.